పొట్టకు ఆనే కర్ర

మగ్గం గుంటలో కూర్చున్న దేవేంద్రప్ప పోగుల మధ్యకు నాడె విసిరి ముందుకు వంగాడు. నేసిన బట్ట చుట్టుకునే కర్ర కుడి డొక్కకింద తగలగానే పళ్ళు బిగించాడు. ఆ కర్రకు పాత పంచె చుట్టింది భార్య పార్వతమ్మే. ఏళ్ళ తరబడి కర్ర ఒత్తుకోవడం వల్లే ఈ నొప్పి వచ్చిందని దంపతుల నమ్మకం. బొరుగుల ఉగ్గానిలోకి బజ్జీలు తిన్న రోజున ఎక్కువవుతుందన్న సంగతి మాత్రం అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే బజ్జీలు పోతాయి.

పోయిన నెల ఆదోని డాక్టరు, పిత్తాశయంలో రాళ్ళున్నాయి, వాచింది, కోసి తీయాలన్నాడు.

"రాళ్ళంట! నువ్వు కొర్రలు గాలించే సొగసే అది" అన్నాడు దేవేంద్రప్ప ఇంటికొచ్చి. పార్వతమ్మ అప్పటినుంచీ కొర్రలు రెండుసార్లు గాలిస్తోంది. కోత మాట మాత్రం అతను సాగనివ్వలేదు. కుట్లు పడిన పొట్టను కర్రకు ఆనించేదెట్లా? ఆనించకుండా నేసేదెట్లా?

ఈ ఉదయం కళ్ళు పచ్చబడ్డాయి. చలిజ్వరంతో గుంటలో కాళ్ళు వణుకుతున్నాయి. పార్వతమ్మ మూట కట్టి గడపలో పెట్టింది. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు లేక, ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే బస్సు బొగ్గుతో నడుస్తోంది.

"బొగ్గు రాజేస్తాండారు. లెయ్, ఆదోనికి పోదాం."

"కొంగు ఇంగ జానెడుంది. అయినాక వస్తా."

"ఆ చీర నేనేమన్నా కట్టేదుందా? లెయ్యప్పా!"

పక్క మగ్గం హనుమన్న చెయ్యి ఆపాడు. "అన్నా, నువ్వు మూలిగేదానికి నా పోగులు తెగుతాండాయి. బస్సెక్కు."

దేవేంద్రప్ప నవ్వబోయి డొక్క పట్టుకున్నాడు. సరేనని గుంటలోంచి సగం లేచి, ఆగిపోయాడు. ముఖం విచ్చుకుంది.

"పోయిందే!"

"ఏంది?"

"నొప్పి. టక్కున పోయింది. ఉరుకుంద ఈరన్న సామి సల్లంగా సూసినాడు."

పార్వతమ్మ కళ్ళొత్తుకొని మొక్కుకుంది. లోపల వాచిన పిత్తపు తిత్తి పగిలితే నొప్పి అట్లాగే పోతుందని ఆ ఇంట్లో చెప్పేవాళ్ళెవరు? బస్సు దగ్గి, పొగ కక్కి, వీళ్ళు లేకుండానే వెళ్ళింది. ఆమె మూట విప్పింది.

అతను కొంగు ముగించాడు. పొద్దు వాలేసరికి పొట్ట బల్లలా బిగిసింది. చెయ్యి వేయనివ్వలేదు.

"రేపు బస్సుకు పోదాంలే" అన్నాడు, ఆమెను ఊరడించడానికి. దీపం వెలిగించి ఆమె వెనక్కి తిరిగేసరికి ఊపిరి లేదు.

నాలుగోనాడు హనుమన్న వచ్చి మగ్గం మీది చీర కోసుకెళ్ళాడు. కర్రకు పంచె మిగిలింది, కుడిపక్క, పొట్ట ఆనిన చోట, మెత్తగా గుంటపడి.