ఎడమచేతి కెమెరా

ముందే చెబుతున్నాను, తప్పు నాది. కెమెరాది కాదు, జపానువాళ్ళది కాదు, పార్శిలు కంపెనీది అసలే కాదు.

మా ఆయన సంసోనుకు చర్లలో ఇరవై ఏళ్ళుగా ఫోటో స్టూడియో ఉంది. ఈ చుట్టుపక్కల ఆయన ఫోటోలు తియ్యని పెళ్ళి లేదు. రెండేళ్ళ కింద మా వీధిలోని బలరాం పెద్దకూతురి పెళ్ళి ఊరేగింపులో లైట్లు ఆరిపోయాయి. నీ పని కాదు మొర్రో అని నేను అరుస్తున్నా వినకుండా జనరేటర్ బండి ఎక్కి చెయ్యి పెట్టాడు. బెల్టు లాగేసింది. భద్రాచలం దవాఖానాలో కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు.

గాయం మానింది, మళ్ళీ పెళ్ళిళ్ళ కాలం వచ్చింది, ఫోన్లు మాత్రం రాలేదు. వచ్చిన ఒకటి రెండూ నాకే వచ్చాయి. "ఏమనుకోకు సంపూర్ణక్కా, పెళ్ళిపిల్ల ముంగట గా మొండిచెయ్యి కనపడొద్దంటున్నది మా అత్త" అని ఒకామె మొహం మీదే చెప్పింది. ఫోను పెట్టేసి ఆమెను, ఆమె అత్తను, వాళ్ళ ఏడు తరాలను నోటికొచ్చినట్టు తిట్టాను. అంతలో ఈయన లోపలికొచ్చాడు.

"ఎవరే? ఏమంటుండ్రు?"

ఏం చెప్పను? గబుక్కున ఏది తోస్తే అది అనేశాను. "కెమెరాకు రెండు చేతులు కావాలె గద, నీకు కష్టమైతదని అంటుండ్రు."

ఆ ఒక్క మాట పట్టుకున్నాడు మహానుభావుడు. మనుషుల మీద రావాల్సిన కోపం కెమెరా మీద పెట్టుకున్నాడు. ఏ కెమెరా చూసినా నొక్కేది కుడివైపే ఉంటుంది కదా. ఉన్నదాన్ని తలకిందులుగా పట్టుకుని చూశాడు, మొండిచేతి మీద ఆనించి చూశాడు, రెండుసార్లు కింద పడేశాడు. "ఎడమచేతికి వచ్చేది దొరికితే చాలే. మళ్ళ పెళ్ళిల నిలబడ్త" అనేవాడు.

ఎడమ బొటనవేలితో ఫోనులో నెలల తరబడి వెతికాడు. ఒకరోజు ఇంటి పైకప్పు మీది నుంచి, సిగ్నల్ అక్కడే వస్తుంది మాకు, "దొరికిందే!" అని కేక వేశాడు. ముప్పై ఏళ్ళ కిందట ఎడమచేతి వాటం వాళ్ళ కోసం జపానులో కొన్నంటే కొన్నే చేశారట. చిన్న వీడియో కెమెరాలా ఉంటుంది. ఎడమచేత్తో పట్టుకుని ఆ చేత్తోనే నొక్కొచ్చు.

"రీలు కెమెరానా? ఈ రోజులల్ల రీలేందయ్యా? కడగనీకె హైదరాబాద్ పంపాలె" అన్నాను.

"పంపుదాం. ఒక్కో ఫోటోకు సగం ఫ్రేమే పడ్తది, ముప్పై ఆరొచ్చే రీలుకు డెబ్భై రెండు ఫోటోలొస్తయి."

అమ్మేవాడు ఇండియాకు పంపనన్నాడు. దానికీ ఒక దారి కనిపెట్టాడు ఈయన. అక్కడొక పార్శిలు కంపెనీ మన పేరు మీద జపానులోనే అడ్రసు ఇస్తుంది. కొన్న సామాను ఆ అడ్రసుకు చేరితే, వాళ్ళు దాన్ని మళ్ళీ మనకు పంపుతారు. ఆ అడ్రసు వచ్చిన రోజు ఈయన సంబరం చూడాలి.

"చూడే, జపాన్ల మనకు ఇంటినంబరు పడ్డది! ఇక్కడ ఇంటిపట్టా కోసం పదేండ్లు తిరిగితిమి, ఇంకా రాలే."

నవ్వాను. చాలా రోజులకు ఇద్దరం కలిసి నవ్వాం. అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు.

డబ్బా ఆ కంపెనీకి చేరగానే వాళ్ళు ఫోటో పంపారు. బల్ల మీద అట్టడబ్బా, దాని మీద సంసోను అని ఇంగ్లీషులో పేరు. ఆ ఫోటోను టీ హోటల్లో చూపించాడు, ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరుగారికి చూపించాడు. తర్వాత విమానంలో పోనివ్వరని బ్యాటరీ తీసేశామన్నారు కంపెనీవాళ్ళు. ఇక్కడ కస్టమ్స్ వాళ్ళు ఆధార్ అడిగారు. ఒక్కొక్క అడ్డూ దాటుతుంటే ఈయన మొహంలో కళ వస్తోంది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నేను నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. ఆ పార్శిలు ఎక్కడైనా తప్పిపోతే బాగుండునని ప్రార్థన కూడా చేశాను, దేవుడు నన్ను క్షమించాలి.

ఆ మధ్యలోనే బలరాం చిన్నకూతురి పెళ్ళి కుదిరింది. ఈయన లేనప్పుడు చూసి కార్డు తెచ్చాడు.

"అన్నను భోజనానికి రమ్మను వదినా. ఫోటోలకు నాగచైతన్యకు చెప్పినం. పెద్దదాని పెళ్ళిల నెత్తురు పడ్డది, మా అమ్మ భయపడుతున్నది. నువ్వే మెల్లగ చెప్పు."

నాగచైతన్య ఎవరనుకున్నారు, ఈయన దగ్గర పని నేర్చుకున్నవాడే. అవ్, చెప్తా అన్నాను బలరాంతో. కార్డు మాత్రం ఈయన చేతిలో పెట్టి వంటింట్లోకి పోయాను. "బలరాం బిడ్డ పెళ్ళితోనే మళ్ళ మొదలుపెడ్త" అని వెనక నుంచి వినిపించింది.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు పార్శిలు వచ్చింది. తప్పిపోలేదు, పగలలేదు. హైదరాబాదు నుంచి బ్యాటరీ, రీలు తెప్పించాడు. తెల్లచొక్కా కొన్నాడు. కెమెరా ఎడమచేతిలో ఎంత బాగా అమరిందంటే, చూసి ఏడ్చాను. సంతోషంతో అనుకున్నాడు పాపం.

పెళ్ళిపందిట్లోకి పోగానే బలరాం ఉరికొచ్చాడు. నావైపు ఒక చూపు చూశాడు. "అన్నా, నువ్వు పనిచేసుడేంది, కూసో" అని తీసుకుపోయి వంటలు చేసే చోట కుర్చీ వేశాడు. అందరికంటే ముందు విస్తరి వేయించాడు. ఈయన తినకుండా లేచి, కెమెరా పట్టుకుని మంటపం దగ్గరికి పోయాడు. కంటికి ఆనించాడు. బలరాం తల్లి పుల్లమ్మ గబాగబా వచ్చి మనుమరాలి మొహానికి కొంగు అడ్డం పెట్టింది.

"ఒక పిల్ల పెళ్ళిల చాలలేదా? ఆ చెయ్యి తీసుకొని దూరం పో సంసోనూ!"

టక్కున శబ్దం అయింది. వేలు బిగుసుకుని దానంతటదే నొక్కుకుందో, కావాలనే నొక్కాడో తెలియదు. బాజాలు కూడా ఆగిపోయాయి.

ఇంటికొచ్చాక అడిగాడు.

"నీకు ముందుగాల్నే తెలుసా?"

"అవ్."

"ఎప్పటిసంది?"

"మొదటిసంది."

"మరి గీ కెమెరా ఎందుకు కొననిచ్చినవే?"

నీ మనసు నొచ్చుకుంటుందని, అన్నాను. అంత దిక్కుమాలిన జవాబు నా జన్మలో ఇంకెప్పుడూ చెప్పలేదు. ఆయన అరిచి ఉంటే, రెండు తిట్టి ఉంటే ప్రాణం తేలికపడేది. అరవలేదు. కెమెరాను అదే అట్టడబ్బాలో, అదే కాగితాల మధ్య పెట్టి, "వాపసు పంపనీకె వస్తదా?" అన్నాడు.

"రాదు. వాళ్ళు అక్కడి నుంచి ఇక్కడికే పంపుతరు."

స్టూడియో షట్టరు ఆ రోజు నుంచి ఎత్తలేదు.

నెల తిరక్కముందే పుల్లమ్మ చనిపోయింది. తెల్లారగానే బలరాం నాకు ఫోను చేశాడు.

"వదినా, అమ్మ పోయింది. అన్నను పంపు, ఆఖరి ఫోటో తియ్యాలె. నాగచైతన్య రానన్నడు. శవం కాడికి వస్తే మళ్ళ పెళ్ళిళ్ళకు ఎవ్వలు పిలువరంట."

"మరి ఈయన చెయ్యి?"

"చావింట్ల చెయ్యితో ఏముంది వదినా? ఇగ గిసొంటి చావు ఫోటోలన్ని అన్నకే చెప్త అన్నడు నాగచైతన్య."

ఫోను పట్టుకుని అక్కడే నిలబడ్డాను. "ఎవరే? ఏమంటుండ్రు?" అన్నాడు ఈయన మంచం మీది నుంచి, అచ్చం ఆ రోజులాగే. ఈసారి ఒక్క అక్షరం మార్చలేదు. బలరాం అన్నది అన్నట్టే చెప్పాను, ఆఖరి మాటతో సహా.

లేచాడు. డబ్బా తెరిచి కెమెరా తీసి, వెనకాల అంకె చూశాడు.

"ఇంక డెబ్భై ఒకటి ఉన్నయి. ఆ తెల్లచొక్కా తియ్యి."

తీసిచ్చాను. చెయ్యి పోయినప్పటి నుంచి గుండీలు పెట్టేది నేనే. ఆ రోజు కూడా పైనుంచి కింది దాకా నేనే పెట్టాను.