రెండు ఫోన్లలో యాదన్న

పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక రంగుల ఫ్యాక్టరీలో, గేటు పక్క గదిలో కూర్చుని కాంట్రాక్టు వాళ్లకు పాసులు చేసే పని నాది. ఏడాదికోసారి పాసు మార్చాలి. నీలం గుడ్డ ముందు నిలబెట్టి ఫోటో తీసి కంప్యూటర్‌లో ఎక్కించాలి. నేను చేరినప్పటి నుంచీ ఒకటే ఫోన్, పగిలిన మూలకు టేపు వేసింది. దాంట్లో అందరూ కాస్త మసకగా, కాస్త తెల్లగా పడేవాళ్లు. ఈ వేసవిలో కంపెనీ కొత్త ఫోన్ ఇచ్చింది.

కొత్తదాంట్లో కనుబొమల వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. మొదటి వారమంతా ఆడవాళ్లు నన్ను తిట్టారు. ఊడ్చే నర్సింహమ్మ అయితే, "గీ మచ్చలు నాయి కావు, నీ ఫోన్‌వే" అని కొట్లాడింది. అప్పటి నుంచి రెండు ఫోన్లలోనూ తీసి పక్కపక్కన చూపించేదాన్ని. నవ్వుకుని కొత్తదానికే ఒప్పుకునేవాళ్లు.

యాదన్న మామది మా ఊరే, కంది పక్కన. రంగు ఉడికే చోట పదకొండేళ్లుగా పని. ఆ రోజు కొత్త ఫోన్‌లో తీసి చూస్తే ఆయన కళ్లలో తెలుపు లేదు. ఫోన్‌దే తప్పేమోనని నన్ను నేను తీసుకున్నాను. నా కళ్లు తెల్లగానే ఉన్నాయి.

"మామా, కండ్లు పచ్చగైనయి. దవాఖానకు పోయినవా?"

"ఎండ బిడ్డా, ఎండ. ఏదీ, జెర సూపియ్." ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "ఓయమ్మ, గీయన మా నాయన లెక్కున్నడు. ఆఖరి దినాలల్ల గిట్లనే ఉండె."

వెనక లైన్‌లోంచి పాండు అరిచాడు. "ఏందే యాదన్నా, పెండ్లి ఫోటోనా? జల్దీ కానియ్, టైమైతంది!"

"రెండో పెండ్లికే రా! మీ వదినెకు చెప్పకు" అని, మామ నా వైపు వంగాడు. "పాసుల మీద సంతకం పెట్టే మురళీమోహన్ సారు గిది సూస్తే మెడికల్‌కు పంపుతడు. అట్ల పంపినోడు మళ్ల లోపలికి రాలే, నీకెరికే. పాతదాంట్ల తియ్యి బిడ్డా. గదే మంచిది."

పాతదాంట్లో తీశాను. కళ్లు తెల్లగా వచ్చాయి, బుగ్గలు నిండుగా కనిపించాయి. దాన్నే ఎక్కించాను. సాయంత్రానికి పాసు వచ్చింది.

"దవాఖానకైతే పో మామా."

"దసరా కానియ్" అని, పాసు మెడలో వేసుకుని గేటు దాటాడు.

దసరాకు ముందే పోయాడు. కాలేయం చెడిపోయిందట. రెండు నెలల ముందే తెచ్చి ఉంటే చూసేవాళ్లమని డాక్టరు అన్నాడట.

దినాలకు రెండు రోజుల ముందు ఆయన భార్య మల్లవ్వత్త గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో ఆ పాసే ఉంది.

"పటం కట్టిద్దామంటే, పెద్దగ చేస్తే మొఖమంతా చెదిరిపోతదంటుండు స్టూడియో ఆయన. నీ తాన మంచిది ఉంటదని పాండు చెప్పిండు."

లేదని చెప్పబోయాను. కొత్త ఫోన్ నా ముందే, బల్ల మీద ఉంది. తీసి చూపించాను.

అత్త పాసును ఫోన్ పక్కన పెట్టింది. ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసింది.

"గిది ఎప్పటిదే?"

"రెండూ ఒక్కనాటియే అత్తా."

"ఇంట్ల కరెంటు బుగ్గ ఎలుగుల నాకు ఏం తెల్వలే బిడ్డా. చీకట్ల పోవుడు, చీకట్ల వచ్చుడు." పసుపు కళ్ల మీద వేలు పెట్టి ఆగింది. బొమ్మ పెద్దదైంది. ఉలిక్కిపడి వేలు తీసేసింది. "నీకు కనవడ్డదా?"

"కనవడ్డది అత్తా."

ఆమె తిట్టలేదు. పాసును కొంగున ముడేసుకుని, "మసకగున్నదే కట్టిస్త" అని లేచింది. ఆటో దాకా వెంట వెళ్లాను. కొంగు ముడి పట్టుకుని ఎక్కి కూర్చుంది.