జానెడు పైన గీత

నేను టెన్నిస్ రాకెట్ పట్టుకునేటప్పటికి నాకు పదిహేడేళ్లు. కాలేజీ జట్టులో ఉన్న మిగతా అమ్మాయిలు పాలపళ్లు ఊడకముందే మొదలుపెట్టారు. "మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అని మా మేనత్త నా ముఖం మీదే అంది. వంగి చూపిస్తానని పంతం పట్టాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని మా ఇంట్లో అందరికీ తెలుసు.

కాలేజీ కోర్టులోకి నన్ను రానిచ్చేది వారానికోసారి, అదీ బంతులు ఏరడానికే. అందుకని నాన్న తన దర్జీ కొట్టు వెనకున్న గోదాము గోడనే నాకు కోర్టుగా చేసిచ్చాడు. నెట్ ఎత్తెంతో నన్నడిగి, టేపుతో కొలిచి, సుద్దతో గీత గీసి, దాని మీద తెల్లరంగు వేశాడు. బంతి ఆ గీతకి కాస్త పైన తగలాలి. రెండేళ్లు అక్కడే కొట్టాను. "ఈ గోడకి కాళ్లుంటే ఈపాటికి ఊరొదిలి పారిపోయేది," అనేవాడు గోదాము కాపలాదారు. నాన్న మిషన్ తొక్కుతూ నవ్వేవాడు.

ఇది నా చదువుకి ఆఖరి ఏడాది. ఇప్పుడు జట్టులోకి రాకపోతే ఇక ఎప్పటికీ రాను.

ఎంపిక రోజున నా బంతులన్నీ కోర్టు దాటి బయటే పడ్డాయి. ఒకటీ రెండూ కాదు, వరసపెట్టి. చివరికి ఎదుటి అమ్మాయి పరిగెత్తడం కూడా మానేసి, రాకెట్ దించి చూస్తూ నిలబడింది. నాకు ఏడుపు కన్నా ముందు ఒళ్లు మండింది. తిన్నగా కొట్టుకెళ్లి, టేపు లాక్కుని గోడ కొలిచాను. గీత ఉండాల్సిన చోటుకి జానెడు పైన ఉంది.

"నాన్నా, ఏంటిది?"

నాన్న కళ్లజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు. "కాస్త ఎక్కువే పెట్టానమ్మలూ. ఎదిగే పిల్లల బట్టలకి లోపల గుడ్డ వదుల్తాం కదా, అలాగే. పైన కొట్టడం అలవాటైతే కిందది సులువైపోతుందనుకున్నా."

"ఇదేమన్నా గౌనా నాన్నా? రెండేళ్లూ తప్పుగా కొట్టాను! నా బతుకు నాశనం చేశావ్!"

ఆయన కత్తెర కింద పెట్టి, చొక్కా మార్చుకుని బయల్దేరాడు. కోచ్ కాళ్ల మీద పడతాడేమోనని భయమేసి వెనకే వెళ్లాను. నాన్న కోర్టు పక్కన సామాన్ల గదిలో ఉన్న కోచ్ దగ్గరికి వెళ్తే, నేను తలుపు బయటే ఆగిపోయాను.

"తప్పు నాది సార్, పిల్లది కాదు. ఇంకొక్కసారి చూడండి," అంటున్నాడు నాన్న.

కోచ్ అంతా విన్నాడు. మంచి మనిషి, అదే నా ఖర్మ.

"కూర్చోండి మాస్టారూ. బంతి దూరం పోవడం పెద్ద జబ్బు కాదు, నాలుగు రోజుల్లో దిద్దేయొచ్చు. కానీ ఎదుటివాళ్ల బంతి ఎటొస్తుందో ముందే పసిగట్టి పరిగెత్తడం ఉంది చూశారూ, అది చిన్నప్పుడే ఒంటబట్టాలి. మీ అమ్మాయంత కష్టపడేవాళ్లని నేను చూళ్లేదు. అయినా తనకి రాదు. మీ గీత సరిగ్గా ఉన్నా రాదు. మొదటి ఏడాదే నాకు తెలుసు, చెప్పడానికి నోరు రాలేదు."

నాన్న మెల్లగా, "ఆ మాట మాత్రం దానితో అనకండి సార్," అన్నాడు.

ఆయన కన్నా ముందే అడ్డదారిన ఇల్లు చేరి, ఏమీ ఎరగనట్టు మంచం మీద కూర్చున్నాను. లోపల ఏమీ మిగల్లేదనిపించింది. ఏడుద్దామన్నా రాలేదు.

నాన్న వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "కోచ్ సార్‌ని అడిగానమ్మలూ. గీత వల్లే పోయిందంట. లేకపోతే నిన్ను కళ్లకద్దుకుని తీసుకునేవాళ్లంట. నీ ఆటలో వంక పెట్టడానికే లేదన్నాడు."

ఆయన నేను మళ్లీ అరుస్తానని భయపడుతున్నాడు. తన మాట నమ్మాలని అంతకన్నా ఎక్కువ ఆశపడుతున్నాడు. అంతా విన్నానని చెప్పి ఆయన్ని పట్టుకుని ఏడవాలనిపించింది. చెబితే ఆయన అంత దూరం మోసుకొచ్చిన అబద్ధం కూడా ఎందుకూ పనికిరాకుండా పోతుంది.

"అవును నాన్నా," అన్నాను. "అంతా నీ వల్లే."

నాన్న తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.