నాలుగు వేళ్ళ గుర్తు

సాయంత్రం ఆరింటికి అతను లేతు మిషను ఆపి, ఒంటిమీది ఇనుప రజను దులుపుకుని ఇంటికొచ్చేవాడు. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, టీ కాచుకుని, ఏడయ్యేసరికి కంప్యూటరు ముందు కూర్చుని హెడ్‌ఫోన్లు తగిలించుకునేవాడు. బస్సులో నాలుగు గంటల దూరాన, పెళ్ళయి ఏడాదిన్నరైన కూతురు కూడా అదే వేళకి కూర్చునేది. తండ్రీకూతుళ్ళు కలుసుకునే చోటు అదొక్కటే. ఆటకి అల్లుడు అభ్యంతరం చెప్పలేదు. ఇంట్లోంచి కదలకుండా ఆడేదే కదా.

"తిన్నావా నాన్నా?"

"ఏడింటికి ఎవరు తింటారే? తుపాకీ నింపావా?"

"ఎప్పుడో. నువ్వే లేటు, ముసలి సిపాయీ."

ఆట ఇదీ. ఒక పాడుబడ్డ పట్నంలో సిపాయిల్లా దిగాలి. దొరికిన మందులూ సామానూ సంచిలో వేసుకుని, అరగంటలోగా బయటి ద్వారం చేరాలి. చేరితే తెచ్చుకున్నదంతా నీది. దారిలో చస్తే వెంట తీసుకెళ్ళింది కూడా పోతుంది. అక్కడ తిరిగేవాళ్ళందరూ నీలాంటివాళ్ళే, అందరి కళ్ళూ నీ సంచి మీదే.

కూతురికి తగిలిన దెబ్బ తండ్రి ఒంటిమీద తేలేది. పుట్టినప్పట్నించీ అంతే. మూడేళ్ళప్పుడు ఆమె గడప తట్టుకుని పడితే అతని మోకాలు చెక్కుకుపోయింది. ఆ ఏడే తల్లి పోయింది, ఇక మిగిలింది వీళ్ళిద్దరే. ఆమెకి పన్ను పీకించిన రోజు పనిలో ఉన్న అతని దవడ వాస్తే, పక్క మిషనువాడు "పైదా, కిందిదా?" అని మాత్రం అడిగాడు. ఆటలో తగిలిన తూటా కూడా అతని మీదికే వచ్చేది. చొక్కా గుండీ అంత, గుండ్రటి నీలం మచ్చ.

"మళ్ళీ వీపేనా?" అనేది ఆసుపత్రిలో కట్టు కట్టే నర్సు. "వెనక గోడ చూసుకుని నిలబడమని ఆ పిల్లకి చెప్పన్నయ్యా."

"చెప్పానమ్మా. వింటేగా."

"మావాడు రోజంతా ఆడతాడు. మా ఆయనకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

అతనో నోటుపుస్తకం పెట్టుకున్నాడు. ఏ మచ్చ ఎటువైపు పడింది, ఏ పొరపాటు వల్ల పడింది, అంతా రాసేవాడు. సాయంత్రం కూతురికి చదివి వినిపించేవాడు. దిగగానే ముందు బయటి ద్వారం ఎటుందో చూసుకో. పరుగెత్తకు, అడుగుల చప్పుడు గోడ అవతలికి వినిపిస్తుంది. ఒకసారి కాల్చాక అక్కడే ఉండకు. చచ్చినవాడి సంచి దగ్గరికి వెంటనే పోకు, వాడిని చంపినవాడు అక్కడే కాపు కాసి ఉంటాడు.

ఆ చలికాలం మచ్చలు ఎక్కువయ్యాయి. ఆకారం కూడా మారింది. పొద్దున్నే లేచేసరికి దవడ కమిలి ఉండేది, జబ్బ నొప్పెట్టేది.

"రాత్రి నువ్వు పడుకున్నాక ఒక్కదాన్నే దిగాను నాన్నా," అనేది కూతురు. "దొరికిపోయాను."

అతను రాసుకున్నాడు. ఎడమవైపు, అజాగ్రత్త. దాని కింద కొత్త జాగ్రత్తలు చేర్చాడు. నీకంటే బలమైనవాడు ఎదురుపడితే కదలకు. మూలకి ఒదిగి కూర్చో. వాడు పోయేదాకా చప్పుడు చెయ్యకు.

"అలాగే చేస్తున్నా నాన్నా," అందామె. ఆ మాట బుద్ధిగా ఉందని సంతోషించాడు.

ఒక శనివారం నర్సు అతని చొక్కా చెయ్యి పైకి మడిచి, మందు రాయబోయి ఆగింది.

"అన్నయ్యా, ఆ ఆటలో చేతులతో పట్టుకుంటారా?"

"లేదే. తుపాకులే."

ఆమె తన వేళ్ళు ఆ మచ్చ మీద ఆనించింది. నాలుగు వేళ్ళు ఒకవైపు, బొటనవేలు రెండోవైపు. అచ్చు పోసినట్టు సరిపోయాయి.

"మరి ఇది?"

అతను నోటుపుస్తకంలో రాసుకున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఇలాంటివి ఏడు. ఏడుసార్లూ అజాగ్రత్త అని రాశాడు.

"మూల కూర్చో, నోరెత్తకు అని నేనే చెప్పానమ్మా," అన్నాడు. "రోజూ చదివి మరీ చెప్పాను."

డ్యూటీ దిగాక నర్సు కట్లపెట్టె చంకన పెట్టుకుని అతని వెంట ఇంటికొచ్చింది.

ఏడింటికి ఆటలో ఇద్దరు సిపాయిలూ కాలిపోయిన రైలు స్టేషనులో కలుసుకున్నారు. కూతురు ఎప్పటిలా "తిన్నావా నాన్నా" అనేలోపే అతను అందుకున్నాడు.

"మాట్లాడకు. నీ చెవుల్లో తప్ప నా మాట ఎవరికీ వినపడదు. మీ ఆయన పక్కనున్నాడా? ఉంటే నీ సిపాయిని ఒకసారి కూర్చోబెట్టు."

సిపాయి కూర్చుని లేచాడు.

"ఈ దెబ్బలు ఆటవి కావు కదూ?"

సిపాయి కదల్లేదు. స్టేషను గడియారం మీద రెండు నిమిషాలు తిరిగాయి. అప్పుడు కూర్చున్నాడు.

"బయటికొస్తే అతను కొడతాడనీ, అది నాకు తగులుతుందనీ, అందుకా ఇన్నాళ్ళూ ఉండిపోయావు?"

ఈసారి వెంటనే కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

అతను కళ్ళు తుడుచుకున్నాడు.

"విను అమ్మడూ. మూల కూర్చోమన్నది తప్పు. కదలనివాణ్ణి ఎప్పటికైనా కనిపెడతారు. వీధి తలుపు ఎటుందో నీకు తెలుసు. ఏమీ తీసుకోకు. బట్టలొద్దు, కాగితాలొద్దు, చెప్పుల కోసం కూడా ఆగొద్దు. అడ్డమొస్తే మాట్లాడకు, ఎదురు కొట్టకు, తోసుకుని పో. కొడితే కొట్టనీ. నీకు తగలదు. ముప్ఫై ఏళ్ళు ఇనుముతో పనిచేశాను, నా ఒంటి సంగతి నేను చూసుకుంటా. రైలు స్టేషను కాదు, బస్సుల దగ్గరికి. లే. ఇప్పుడే."

సిపాయి లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత వాణ్ణి ఆడించేవాళ్ళు లేరు. హెడ్‌ఫోన్లలో కుర్చీ జరిగిన చప్పుడు, ఆ వెనకే అల్లుడి గొంతు. "ఎక్కడికే?"

నర్సు అతని భుజాలు పట్టుకుంది. అరిస్తే అక్కడ వినిపిస్తుందని తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

ముందు జబ్బ మీద వేళ్ళు దిగాయి. కాసేపటికి వదిలాయి. తర్వాత మొహం పగిలింది. ఆమె ఎంత నెమ్మదిగా వెళుతోందో అని భయపడ్డాడు. అంతలో భుజం మీద నిలువునా తలుపంచు పడింది. అంటే ముందుగది దాటింది. ఆ వెంటనే వీపు, నడుము, పక్కటెముకలు ఒకదాని తర్వాత ఒకటి. ఎముక విరిగిన చప్పుడు నర్సుకి కూడా వినిపించింది.

"మెట్లు," అన్నాడు తువ్వాలు తీసి. "మెట్లమ్మా అవి. మెట్ల కిందే వీధి."

"మాట్లాడకన్నయ్యా. రక్తం వస్తోంది."

అతను నేల మీదికి జారాడు. కాసేపు ఏమీ లేదు. అప్పుడు కుడి అరికాల్లో ఏదో గుచ్చుకుంది. తర్వాత ఎడమ కాల్లో. మళ్ళీ కుడి కాల్లో. కంకర. వేగంగా, ఇంకా వేగంగా.

"పరుగెత్తుతోంది," అన్నాడు.

నర్సు అంబులెన్సుకి ఫోను చేస్తూ, ఒక చేత్తో అతని పాదాలు ఒళ్ళో పెట్టుకుంది. రక్తంతో ఆమె తెల్లచీర తడిసింది. కొంతసేపటికి కొత్త గాట్లు పడడం ఆగిపోయింది. పాదాలు అలాగే పట్టుకుని చూసింది. జబ్బ మీద వేళ్ళు కూడా పడలేదు. "బస్సెక్కిందన్నయ్యా," అని చెప్పింది. అతను విన్నాడో లేదో తెలియలేదు.

బస్సులో కండక్టరు, చిరిగిన చొక్కాతో, వట్టికాళ్ళతో నిలబడ్డ అమ్మాయిని కింది నుంచి పైదాకా చూశాడు. టికెట్టు సంగతి ఎత్తలేదు.

"ఎక్కడైనా పడ్డావా తల్లీ? దెబ్బలేమైనా తగిలాయా?"

ఆమె సీటులో కూర్చుని, ఒక్కో పాదమే తిప్పి చూసుకుంది. దుమ్ము తప్ప ఏమీ లేదు. చెంప తడుముకుంది, పక్కటెముకలు తడుముకుంది. ఒక్క గీత కూడా లేదు.

"తగిలాయి," అంది. "నన్ను మా ఊరి పెద్దాసుపత్రి దగ్గర దించండి."