జెబమలర్ అడిగిన సెలవు

కోయంబత్తూరు దగ్గర, సూలూరు పక్కన ఒక పవర్‌లూం షెడ్డులో రక్కమ్మాళ్ పదిహేడేళ్లుగా పనిచేస్తోంది. ఇరవై నాలుగు మగ్గాలు ఒక్కసారిగా ఆడే చోటది. మొదట ఎడమ చెవి పోయింది. తర్వాత కుడి చెవి కూడా మందగించింది. ఇంట్లో ఆమెతో ఏదైనా చెప్పాలంటే ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదిపి చెప్పాలి. కూతురు జెబమలర్‌కు చిన్నప్పటినుంచీ అదే అలవాటు. గొంతు ఎత్తినా లాభం లేదని తెలిసి, ఆ పిల్ల గొంతు ఎత్తడమే మానేసింది.

బడిలోనూ అంతే. పదకొండో తరగతిలో పరీక్ష రాస్తే మంచి మార్కులొచ్చేవి. లేచి నిలబడి చెప్పమంటే మాత్రం పెదాలు కదిలేవి, మాట బయటికి వచ్చేది కాదు. పిల్లలు ఆమెకు ‘మ్యూట్’ అని పేరు పెట్టారు.

ఆ ఏడు కొత్తగా వచ్చిన తమిళం టీచరు ఇందుజ, జిల్లా పేచ్చుపోటీకి, అంటే ఉపన్యాసాల పోటీకి, జెబమలర్ పేరు రాసి పంపింది. బడి తరఫున ఇద్దరు వెళ్లాలి. రెండో పిల్ల చారులత. నాలుగేళ్లుగా ఉపన్యాసాల్లో ఆమెకే బహుమతి. ఆమె తండ్రి కృష్ణరాజ్‌దే రక్కమ్మాళ్ పనిచేసే షెడ్డు. ఇద్దరి ఇళ్లలోనూ మాట్లాడేది తెలుగే. కానీ ఆరేళ్లు ఒకే బడిలో చదివినా వాళ్లిద్దరి మధ్య ఒక్క తెలుగు మాట నడవలేదు. మాట్లాడాల్సి వస్తే తమిళంలోనే, అదీ అవసరమైనంత వరకే.

పోటీకి ఇచ్చిన విషయం ‘శ్రమ’. టీచరు రాసిచ్చిన మూడు పేజీలు జెబమలర్ బట్టీపట్టింది. ఒకసారి అలవాటు కావాలని టీచరు ఆమెను ఉదయం ప్రార్థన వేళ మైకు ముందు నిలబెట్టింది. మొదటి వాక్యం వచ్చింది. రెండోది రాలేదు. మైకులో ఆమె ఊపిరి ఒక్కటే వినబడింది. వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ముందు వరుసలదాకా పాకింది. టీచరు వచ్చి చెయ్యి పట్టుకుని దించేదాకా ఆ పిల్ల అలాగే నిలబడి ఉంది.

తర్వాత మూడు రోజులు బడికి పోలేదు. మూడో రోజు తల్లి ఎదురుగా కూర్చుని ఏం జరిగిందని అడిగింది. జెబమలర్ అంతా చెప్పింది. పోటీకి ఇంకెవరినైనా పంపుకోమని టీచరుతో చెప్పేస్తానంది.

రక్కమ్మాళ్ ఓదార్చలేదు. ఎవరితోనూ చెప్పని సంగతొకటి చెప్పింది. పోయిన నెల, మగ్గంలో నూలు కండెతో అటూ ఇటూ పరిగెత్తే నాడె బయటికి ఎగిరిందట. పక్కనున్నవాళ్లు అరిచారట. ఆమెకు వినబడలేదు. చెవి పక్కనుంచే పోయి నాడె గోడకు తగిలింది. గోడకు పడ్డ గుంత చూశాకే ఆమెకు విషయం తెలిసింది.

“ఎందుకమ్మా చెప్పలేదు?”

“ఎవురితో చెప్పేది?” అంది రక్కమ్మాళ్. “చెప్పేదానికి మన ఇంట్లో ఎవురికి నోరుండాది?”

మర్నాడు జెబమలర్ బడికి వెళ్లి, ఆ మూడు పేజీలు టీచరుకు తిరిగి ఇచ్చేసింది. మా అమ్మ గురించి చెబుతానంది. టీచరు ఆమెను ఒక్క క్షణం చూసి, సరే నువ్వే రాసుకో అంది.

సాయంత్రాలు బడి మైదానంలో అభ్యాసం. జెబమలర్ ఈ చివర నిలబడి చెప్పాలి, చారులత ఆ చివర నిలబడి ఎక్కడ గొంతు తగ్గుతోందో చెప్పాలి. టీచరు పెట్టిన పద్ధతి అది. మొదటి రోజు జెబమలర్ ఇరవై నాలుగు మగ్గాల గురించి, ఎగిరిన నాడె గురించి తమిళంలో చెబుతుంటే, చారులత మైదానం మధ్యదాకా నడిచివచ్చి ఆగిపోయింది.

“అది మా షెడ్డే కదా?” అంది, తెలుగులో.

“అవును.”

“మా నాయన పేరు చెప్తావా?”

“చెప్పను. కానీ జరిగింది చెప్పకుండా ఉండను.”

చారులత తల వంచుకుంది. కోపమో సిగ్గో జెబమలర్‌కు తెలియలేదు. తర్వాత ఆ పిల్ల వెనక్కి తిరిగి ప్రహరీ గోడదాకా నడిచింది. అక్కడినుంచి, “మొదటినుంచి మళ్లీ చెప్పు. ఇక్కడికి సరిగ్గా వినబడలేదు,” అంది. అలా పదకొండు సాయంత్రాలు విన్నది.

పోటీ కోయంబత్తూరులో ఒక కాలేజీ హాల్లో జరిగింది. జెబమలర్‌ది తొమ్మిదో పేరు. నాలుగు నిమిషాలు బాగానే మాట్లాడింది. నాడె దగ్గరికి వచ్చేసరికి తర్వాతి మాట మరిచిపోయింది. హాలంతా ఎదురుచూసింది. ఆమె దిగి పోలేదు. రాసుకున్నది వదిలేసి, తల్లి ఆ రోజు చెప్పింది చెప్పినట్టు గుర్తుతెచ్చుకుని సాగించింది. గంట కొట్టాక కూడా ఆపకుండా పూర్తిచేసింది.

సమయం మించినందుకు మార్కులు పోయాయి. చారులతకు రెండో బహుమతి వచ్చింది, జెబమలర్‌కు ఏమీ రాలేదు. అయితే న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన ఆమెను దగ్గరికి పిలిచి, మీ అమ్మ చెవులు ఎప్పుడైనా పరీక్ష చేయించారా అని అడిగాడు. లేదని చెప్పింది. తిరిగి వచ్చే బస్సులో ఆమెకు బహుమతి మాట గుర్తే రాలేదు.

పెద్దాసుపత్రిలో చెవుల డాక్టరు పొద్దున పూట, పనిరోజుల్లోనే చూస్తారు. షెడ్డులో సెలవడిగితే తను నడిపే మగ్గాలు ఇంకొకరికి పోతాయని రక్కమ్మాళ్ భయం. అందుకే ఇన్నేళ్లూ అడగలేదు. శనివారం జెబమలర్ తానే షెడ్డుకు వెళ్లింది. కృష్ణరాజ్ ఆఫీసు గది గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. మగ్గాల మోత అక్కడిదాకా వస్తోంది. ఆమె మొదట చెప్పింది ఆయనకు వినబడలేదు. గొంతు పెంచింది.

“అయ్యా, నేను రక్కమ్మాళ్ కూతుర్ని. అమ్మకు చెవులు వినబడేది లేదు. బుధవారం ఆస్పత్రికి పిలుచుకొని పోవాల. సెలవు కావాల. తిరిగి వచ్చినాక ఆ పని ఆమెకే ఉండాల.”

“ఇన్నాళ్లూ మీ అమ్మ నాతో అడగలేదే?”

“అడిగితే మీరు చెప్పే జవాబు ఆమెకు వినబడదయ్యా.”

కృష్ణరాజ్ లోపల ఆడుతున్న మగ్గాల వైపు చూశాడు. తర్వాత, ఇంట్లో చారులత కూడా ఈ మాటే చెప్పిందని, పోయి రండని అన్నాడు. పని ఎక్కడికీ పోదన్నాడు.

ఆసుపత్రిలో రక్కమ్మాళ్‌ను చప్పుడు చొరని చిన్న గదిలో కూర్చోబెట్టి పరీక్షించారు. పోయిన వినికిడి ఇక రాదని డాక్టరు చెప్పింది. కుడి చెవికి మెషిను పెడితే కొంత మేలుండొచ్చు. ఆ మోతలోనే ఇంకా పనిచేస్తే ఉన్నది కూడా నిలవదు.

వరండాలో బెంచీ మీద తల్లిని కూర్చోబెట్టి, ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, జెబమలర్ ఒక్క మాట కూడా తగ్గించకుండా చెప్పింది. రక్కమ్మాళ్ కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది: “షెడ్డులో చిన్నపిల్లలుండారే. గోపిక ఇప్పుడే కదా చేరింది. వాళ్లతో ఎవురు చెప్తారు?”

ఆ ఆదివారం షెడ్డు ఆడవాళ్లు ఏడుగురు రక్కమ్మాళ్ ఇంటి ముందు కూర్చున్నారు. డాక్టరు చెప్పిందంతా జెబమలర్ వాళ్లకు తెలుగులో చెప్పింది. వాళ్లు అడగగా రెండు నెలలకు కృష్ణరాజ్ అందరికీ చెవుల్లో పెట్టుకునే బిరడాలు తెప్పించాడు. రక్కమ్మాళ్‌ను మగ్గాల దగ్గరినుంచి గుడ్డ మడిచే గదికి మార్చాడు. బిరడాలు అందరూ పెట్టుకోరు. దురదంటారు, ఉక్కపోతంటారు. జెబమలర్ నెలకోసారి వెళ్లి వాళ్లకు మళ్లీ చెప్పి వస్తుంది.