ఎడమచేతి వాయనం

ఉల్లిపాయ తరిగేటప్పుడు నా కుడిచెయ్యి నా ఆజ్ఞను ఒక్క క్షణం ఆలస్యంగా అందుకుంటోందని గత శీతకాలం నుంచే నాకు తెలుసు. దాన్ని జబ్బు అనుకోలేదు. జబ్బంటే నొప్పి ఉండాలని నా నమ్మకం. ఇక్కడ ఉన్నది నెమ్మది మాత్రమే. నెమ్మదికి మా ఇంట్లో వేరే పేరుంది. "మనసు పెట్టి చేస్తే ఇంతసేపు పట్టదు శ్రీ," అనేవాడు నా భర్త చక్రపాణి, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా. పోపు మాడుతున్న వాసన నాకు తెలియకపోతే పరధ్యానం అన్నాడు. అతని చొక్కా గుండీలు పెట్టకుండానే హ్యాంగర్‌కి తగిలిస్తే నిర్లక్ష్యం అన్నాడు. ఆఫీసులో నాకంటే చాలా చిన్నవాడైన మా టీమ్ లీడ్ అవినాష్ ఒకరోజు మొహమాటపడుతూ ఫోన్ చేశాడు. "విజయశ్రీ గారూ, కాల్స్‌లో కెమెరా ఆన్ ఉన్నప్పుడు కొంచెం నవ్వుతూ ఉండండి. క్లయింట్ అడుగుతున్నాడు, ఆవిడకి మన ప్రాజెక్ట్ నచ్చలేదా అని." ఆ తర్వాత ప్రతి కాల్‌కీ ముందు అద్దంలో చూసుకుని నవ్వు ఎక్కించుకునేదాన్ని. కాల్ మొదలయ్యేసరికి అది దిగిపోయేది.

ఆ వసంతంలో చక్రపాణి అక్క ఉమ వదిన మోకాలి ఆపరేషన్ చేయించుకుని మా ఇంటికి వచ్చారు. ఆవిడ ఉండేది పక్క ఊరు కేరీలో. ఆ ఇంట్లో పడకగదులన్నీ పైనే కనుక, మోరిస్‌విల్‌లో మా ఇంటి కింది గదిని ఆవిడకు ఇచ్చాం. ఐస్ ప్యాకులు, మందులు, ఉప్పు తగ్గించిన వంట, ఫిజియోథెరపీకి కారులో తీసుకెళ్ళడం, వీటి మధ్య నా ఆఫీసు. తిరిగి వెళ్ళేరోజు ఆవిడ కారెక్కుతూ తమ్ముడితో ఒక మాట అన్నారు.

"చేసిందిరా, కాదనను. కానీ ఆ ముఖంలో ఎక్కడా ప్రేమ లేదు."

నేను వెనక సీట్లో ఆవిడ కాలికింద దిండు సర్దుతున్నాను. నాకు వినబడాలని అన్నారో, నేను ఉన్నానన్న స్పృహే లేక అన్నారో నాకు తెలియదు. రెండింటిలో ఏది తక్కువ బాధో కూడా తేల్చుకోలేకపోయాను.

శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం చేసుకున్నాను. శుక్రవారం అందరికీ ఆఫీసులు కనుక పేరంటం సాయంత్రానికి పెట్టాను. వచ్చిన ఆడవాళ్ళందరికీ బొట్టు పెట్టి, గంధం రాసి, నానబెట్టిన శనగలు, తమలపాకులు, పండు, జాకెట్టుముక్క ఉన్న వాయనం సంచి అందించాలి. ఉమ వదిన వంతు వచ్చేసరికి నా కుడిచెయ్యి పూర్తిగా అలిసిపోయింది. సంచి వేళ్ళలోంచి జారుతోంది. అది కిందపడేలోపు ఎడమచెయ్యి దాన్ని అందుకుని ఆవిడ ముందుకు చాపింది. వాయనం రెండు చేతులతోగానీ కుడిచేత్తోగానీ ఇవ్వాలి. ఎడమచేత్తో ఇవ్వడం ఇవ్వకపోవడం కంటే హీనమని మాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. వదిన రెండు చేతులా పుచ్చుకుని కళ్ళకద్దుకున్నారు. అందరూ వెళ్ళాక చూస్తే ఆ సంచి మా చెప్పుల స్టాండు మీద ఉంది.

మర్నాటి నుంచి మా ఇంట్లో ఒకటే ప్రశ్న. "అక్కకి ఒక్క సారీ చెప్తే నీ సొమ్మేం పోతుంది?" అని చక్రపాణి పొద్దున కాఫీ దగ్గర అడిగేవాడు, రాత్రి భోజనం దగ్గర అడిగేవాడు. నేను కావాలని చేయలేదని చెప్పాను. కావాలని చేయనివాళ్ళు క్షమాపణకు ఎందుకు వెనకాడతారన్నాడు. తర్కం బాగుంది. నన్ను అసలు బాధించింది అతని తర్కం కాదు, నా అనుమానం. వదినకు సేవచేసిన ఆ వసంతంలో, పొద్దున్నే కింది గది తలుపు తట్టడానికి మనసొప్పక మెట్లమీద కాసేపు కూర్చుండిపోయిన రోజులు ఉన్నాయి. ఆ సంగతి ఎవరికీ తెలియదు. అయితే నా చేతికి తెలిసిందా? నేను ఒప్పుకోని ద్వేషాన్ని అది నలుగురిలో బయటపెట్టిందా? మనిషి ఉద్దేశం ఎక్కడ ఉంటుంది, తలపులోనా, చేతలోనా? తలపు నాకొక్కదానికే కనబడుతుంది, చేత అందరికీ కనబడుతుంది. అందరూ ఒకే మాట అంటున్నప్పుడు, ఒంటరి సాక్షి తన కళ్ళనే నమ్మడం మానేస్తుంది. నాలో ప్రేమ ఎండిపోయిందని, అది ఎప్పుడు ఎండిపోయిందో నేనే గమనించలేదని నెమ్మదిగా నమ్మసాగాను.

కాలేజీ సెలవులకు వచ్చిన మా అమ్మాయి హంసిక ఒక సాయంత్రం నాతో చెరువు చుట్టూ నడవడానికి వచ్చింది. దారి ఇరుకైన చోట నా వెనక నడిచింది. కాసేపటికి ఆగి, "అమ్మా, నీ రైట్ హ్యాండ్ ఎందుకు స్వింగ్ అవట్లేదు?" అంది. నేను చూసుకున్నాను. ఎడమచెయ్యి అడుగుతోపాటు ఊగుతోంది. కుడిచెయ్యి ఎవరో అప్పగించిన వస్తువులా నా పక్కన వేలాడుతోంది. "నువ్వు నామీద కోపంగా ఉన్నావనుకున్నా," అంది హంసిక. "వీడియో కాల్స్‌లో నీ ఫేస్ అలా ఉంటే."

తనే డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చేసింది.

నరాల డాక్టర్ నా బొటనవేలినీ చూపుడువేలినీ వెంటవెంటనే ఒకదానికొకటి తాకించమంది. తాకించేకొద్దీ నా వేళ్ళు తక్కువ తెరుచుకోవడం నేనూ చూశాను. తర్వాత నన్నొక ప్రశ్న అడిగింది. నవ్వుతూ ఉండమని ఈమధ్య మీకు ఎవరైనా చెబుతున్నారా అని. చక్రపాణి పక్కనే ఉన్నాడు. అతను గోడమీది క్యాలెండర్ కేసి చూశాడు.

మామూలు ఎంఆర్ఐలో నా మెదడు బాగానే ఉంది. అందులో ఆకారం కనబడుతుందట, పని కనబడదట. పనిని చూపే స్కాన్ వేరే ఉంది. చేతికి ఒక ఇంజెక్షన్ ఇచ్చి కొన్ని గంటలు కూర్చోబెట్టి, ఆ తర్వాత తల చుట్టూ కెమెరాను నెమ్మదిగా తిప్పారు. మెదడు లోతుల్లో కదలికకు అవసరమైన డోపమిన్ అనే రసాయనాన్ని అందించే నరాల చివరలు ఎంతవరకు మిగిలి ఉన్నాయో అది చూపుతుంది. నల్లటి తెరమీద రెండు వెలుగులు, రెండు కామాల్లాగా ఉండాలని డాక్టర్ చెప్పింది. నాకు ఒక కామా ఉంది. రెండోదానికి తోక ఆరిపోయి చుక్క మిగిలింది. ఆరింది మెదడు ఎడమ సగంలో, అదే కుడిచేతిని నడిపేది. నా చేతి నెమ్మది, ముఖంలో తగ్గిన కదలిక, వాసన తెలియకపోవడం, వీటన్నిటితో కలిపి చూస్తే ఇది పార్కిన్సన్స్, తొలి దశ అంది.

నాకు ఏడుపు రాలేదు. ఊపిరి వచ్చింది. అలాంటి మాట విని తేలికపడ్డ మనిషిని ఆ డాక్టర్ అంతకుముందు చూసిందో లేదో. ముందున్నది చిన్న విషయం కాదని నాకు తెలుసు. అయినా ఇన్ని నెలలుగా నాలోపల నడుస్తున్న విచారణలో నా తరఫున ఒక సాక్షి వచ్చాడు. చెయ్యి జారింది ద్వేషంతో కాదు. ముఖం మూసుకుపోయింది ప్రేమ లేక కాదు. పార్కింగ్‌లో చక్రపాణి స్టీరింగ్ మీద తలపెట్టి ఏడ్చాడు. నేనే అతని వీపు నిమిరాను. "అయితే అదంతా నువ్వు కాదన్నమాట," అన్నాడు. ఆ రోజు ఆ మాట నాకు ఎంతో హాయిగా వినిపించింది.

తర్వాత యూనివర్సిటీలో ఒక పరిశోధనకు పేరిచ్చాను. తొలి దశలో మెదడు ఎలా పనిచేస్తుందో చూసే మరో రకం స్కాన్ అది. దాన్ని నడుపుతున్న విద్యార్థిని అవని ఈ దేశంలోనే పుట్టిన తెలుగమ్మాయి. "నా తెలుగు వీక్ ఆంటీ, నవ్వకండి," అంది. ఇప్పుడు నవ్వలేకపోవడమే నా జబ్బన్నాను. తను పకపకా నవ్వింది. యంత్రంలో పడుకుని, చెప్పిన వరుసలో వేళ్ళతో బటన్లు నొక్కాలి. అయిపోయాక తెరమీద బొమ్మలు చూపించింది.

"ఒక్కరి పిక్చర్ చూసి మేము ఏం చెప్పకూడదు ఆంటీ, ఓకే? కానీ చాలామందిని కలిపి చూస్తే ఇలా ఉంటది. పని సేమ్. కానీ అది చేయడానికి బ్రెయిన్‌లో ఎక్కువ ప్లేసెస్ వర్క్ చేస్తాయి. ముందు ఆటోమేటిగ్గా అయ్యేది, ఇప్పుడు థింక్ చేసి చేయాలి. బయటినుంచి చూస్తే తెలీదు."

ఆఖరి మాట మళ్ళీ చెప్పమన్నాను. బయటినుంచి చూస్తే తెలియదని మళ్ళీ చెప్పింది. తెరమీద, ఉండవలసినదానికంటే ఎక్కువ చోట్ల, నారింజరంగు మంటలు వెలుగుతున్నాయి. ఫ్రిజ్‌లో పాలు, బీరువాలో మడతలు, వదిన మందులు, అన్నీ వాటంతట అవే జరుగుతాయని అనుకునే ఇంట్లో ఇంతకాలం బతికాను. శ్రమకు ఒక బొమ్మ ఉండగలదని నాకు తోచనే లేదు.

తిరుగుదారిలో చక్రపాణి కారు నడుపుతున్నాడు. ఈమధ్య అతను ఎంతో సౌమ్యంగా ఉంటున్నాడు. "ఆ చుక్క కనబడే స్కాన్ ఫొటో అక్కకి పంపిస్తా. చూస్తే తనే అర్థం చేసుకుంటుంది, వాయనం సంగతి కూడా క్లియరైపోతుంది," అన్నాడు. "శనివారం వాళ్ళని భోజనానికి పిలుద్దాం. నువ్వేం హడావిడి పడకు, సింపుల్‌గా చాలు. పులిహోర, గారెలు, ఏదో ఒక పాయసం."

అదంతా నువ్వు కాదన్న అతని మాట అప్పుడు మరోలా వినిపించింది. అదంతా అంటే ఎంతవరకు? నిన్నటిదాకా నా జబ్బును నా మనసనుకున్నారు. రేపటినుంచి నా మనసును నా జబ్బనుకుంటారు. కోపగిస్తే మందు వేసుకున్నావా అని అడుగుతారు. కాదంటే జాలిపడతారు. వసంతంలో మెట్లమీద కూర్చున్నప్పటి ఆ విసుగు ఏ చుక్కలోనూ లేదు. అది నాది. ఇన్నాళ్ళూ దాన్ని చూసి భయపడ్డాను. ఇప్పుడు అదంటే నాకు భయం లేదు, దాన్ని ఎవరికోసమూ వదులుకోవాలనీ లేదు. నా ముఖం ఇక నా తరఫున ఏమీ చెప్పదు. చెప్పవలసింది ఏదైనా నోటితోనే చెప్పాలి.

"ఫొటో పంపకు," అన్నాను. "వదినకి నేనే ఫోన్ చేసి చెప్తాను. ఆ రోజు చెయ్యి నా మాట వినలేదని కూడా చెప్తాను."

"మంచిది. మరి శనివారం?"

"వండను."

అతను వేగం తగ్గించి నావైపు చూశాడు. "ఓపిక లేదా శ్రీ?" అన్నాడు, చాలా మృదువుగా.

"ఓపిక ఉంది," అన్నాను. "ఇష్టం లేదు."