తీసేయాల్సిన చప్పుళ్లు

"మిక్సీ ఆపు ఆశా, మీటింగ్‌లో ఉన్నాను," అన్నాడు గిరిధర్ గదిలోంచి.

ఆశాజ్యోతి ఆపింది. కొబ్బరి పచ్చడి సగం నలిగి ఆగిపోయింది. తలుపు అవతల అతను ఎవరితోనో నవ్వుతూ, "సారీ, బ్యాక్‌గ్రౌండ్ నాయిస్," అంటున్నాడు. పెళ్లయ్యాక ఆమెకి అతను పెట్టిన ముద్దుపేర్లలో చివరికి నిలిచింది ఇదొక్కటే. మిక్సీ అంటే మండిపడే మనిషికి పొయ్యి పైన తిరిగే రేంజ్‌హుడ్ ఫ్యాన్ మీద మాత్రం ఏ కోపమూ లేదు. అది తిరిగితేనే కదా షర్టులకి తాలింపు వాసన పట్టకుండా ఉండేది. ఆ ఫ్యాన్ హోరు కింద ఆమె ఏదో ఒకటి పాడుకునేది. ఎవరికీ వినపడదు కాబట్టే పాడుకునేది.

హైదరాబాద్‌లో ఉండగా ఆమె డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజినీరు. దేశం దాటి ఈ హామిల్టన్‌కి వచ్చాక గిరిధర్, "నీ ఫీల్డ్‌కి ఇక్కడ స్కోప్ లేదు," అని తేల్చేశాడు. "పాటలు వినడం కూడా ఉద్యోగమేనటమ్మా?" అని అత్తగారు మంగతాయారు వీడియో కాల్‌లో ముక్కున వేలేసుకుంది. అయిదేళ్లు అలాగే గడిచాక, ఊళ్లోనే ఉన్న ఒక చిన్న స్టూడియో ఇంట్లో కూర్చుని చేసుకోమని మొదటిసారి పని ఇచ్చింది. ఇంట్లో అంటే లాండ్రీ గదిలో, వాషింగ్ మెషీన్ పక్కన వేసుకున్న బల్ల మీద. సింకులో గిన్నెలుండగా హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆమెకి దొంగతనం చేస్తున్నట్టే ఉండేది.

ఆ పని అదే ఊళ్లో స్థిరపడ్డ బోగ్దాన్ అనే ఉక్రెయిన్ పెద్దాయనది. వయసులో ఉన్నప్పుడు కీవ్‌లో ఆయనా, స్నేహితులూ ఆయన వంటింట్లో రహస్యంగా చేరేవారట. పల్లె పాటల్ని తీసుకుని విరిచి, మెలిపెట్టి, వేణువుతోనూ గిన్నె మూతలతోనూ కొత్తగా వాయించేవారట. సర్కారులో పై వాళ్లకి అలాంటివి గిట్టవు, గోడలకి చెవులున్న రోజులు. పోయాయనుకున్న ఆ టేపులు, యుద్ధం వచ్చి చుట్టాలు ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద దొరికాయి. ఇప్పుడు యూరప్‌లో ఎవరో వాటిని రికార్డుగా తెస్తామంటున్నారు.

టేపులు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు ఆయన చెప్పాడు. "ఆ బాణీలన్నీ మాకు గాలిలోంచి వచ్చాయమ్మా. కాకపోతే పక్క చప్పుళ్లు ఎక్కువ. కుళాయి, ప్లేట్లు, మా ఆవిడ. అవన్నీ తీసెయ్యాలి." తీసెయ్యాల్సిన ఆ చప్పుళ్లలో 'మా ఆవిడ' మూడోది. ఆవిడ, హలీనా, అప్పుడే టీ కప్పులు బల్ల మీద పెడుతోంది. తలెత్తలేదు. ఆశాజ్యోతి టేపులు సంచిలో సర్దుకుంది. క్లయింట్ చెప్పినట్టు చేస్తేనే మళ్లీ పని అని స్టూడియో అతను ముందే చెప్పి పంపాడు మరి.

ఆ పని చేసే సాఫ్ట్‌వేర్‌కి ముందుగా ఒక ముక్క చూపించి, ఇదీ చెత్త అని నేర్పాలి. అది టేపంతా వెతికి అలాంటిదాన్ని ఏరేస్తుంది. కుళాయి మోత ఉన్న ముక్కొకటి చూపించింది ఆశాజ్యోతి. సేవ్ చేసే ముందు, పారబోస్తున్నదాన్ని ఒక్కదాన్నే విని చూసుకోవడం ఆమెకి పాత అలవాటు. బియ్యం కడిగిన నీళ్లలో గింజలు పోతున్నాయేమో చూసుకోవడం లాంటిదే. విన్నది. కుళాయి, ప్లేట్లు, వాటి అడుగున సన్నగా ఒక ఆడగొంతు కూనిరాగం.

ఆ రాగం ఎక్కడో విన్నట్టుంది. అసలు టేపు మొదటినుంచీ పెట్టింది. సింకు దగ్గర ఆ గొంతు ముందు ఎత్తుకుంది. కాసేపటికి వేణువు అదే అందుకుంది. ఇంకో టేపూ అంతే. ఇంకొకటీ అంతే. గాలిలోంచి వచ్చాయట! అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. ఆశాజ్యోతికి ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఆ ముసలాయన ఒక్కడి మీదే కాదని కూడా ఆమెకి తెలుసు.

భోజనాల దగ్గర గిరిధర్‌కి చెప్పింది. "తీసెయ్యమంటే తీసెయ్. వచ్చిన ఒక్క పనీ పోగొట్టుకుంటావా? ఎవరో ముసలావిడ కూనిరాగంతో నీకేంటి?" అని, "పెరుగుందా?" అన్నాడు.

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. ఈ పని పోతే మళ్లీ ఈ నాలుగు గోడలూ, ఈ మిక్సీ. ఆ భయంతో రెండు రోజులు ఆ ఫైలు తెరవలేదు. మూడో రోజు కారు తీసుకుని, ల్యాప్‌టాప్‌తో బోగ్దాన్ ఇంటికి వెళ్లింది. ఆయన వాకింగ్‌కి వెళ్లాడు. హలీనాయే తలుపు తీసింది. ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టి, ముందు కూనిరాగం ఒక్కటే వినిపించింది.

హలీనా చివరిదాకా విన్నది. తర్వాత ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. "మా అమ్మ పాటలు ఇవి. గోధుమ కోతల్లో పాడేది. కుళాయి నేనే తిప్పుకునేదాన్ని, నా పాట వాళ్లకి వినపడకూడదని. 'మేం పని చేసుకుంటున్నాం, గోల చెయ్యకు' అన్నాడాయన ఒకసారి. అప్పటినుంచీ అంతే."

ఆశాజ్యోతి అసలు టేపు పెట్టింది. గొంతు. దాని వెనకే వేణువు.

"అయితే వాళ్లకి వినపడేదన్నమాట," అంది హలీనా.

ఆశాజ్యోతి టేపు ఆపి అడిగింది. "ఏం చెయ్యమంటారు? ఆయన అన్నీ తీసెయ్యమన్నారు."

హలీనా హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. "కుళాయి తీసెయ్. నన్ను ఉంచు."

అదేమంత తేలిక కాదు. నీళ్లూ గొంతూ ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉన్నాయి. పోగు పోగునా విడదీసేసరికి వారం పట్టింది. మడత పెట్టని బట్టలు మెషీన్ మీద గుట్ట పడ్డాయి. శుక్రవారం మధ్యాహ్నం ఫైల్స్ స్టూడియోకి పంపించి, కింద ఒక్క వాక్యం రాసింది. "ఇది చప్పుడు కాదు, ఈ బాణీలు మొదలుపెట్టిన మనిషి, పేరు హలీనా." ఇక పని ఇస్తారో ఇవ్వరో ఆమెకి తెలియదు.

సాయంత్రం పప్పులో తాలింపు పెట్టబోతూ, అలవాటుగా ఫ్యాన్ స్విచ్ మీదకి చెయ్యి పోయింది. మధ్యలో ఆగింది. ఫ్యాన్ వెయ్యకుండానే ఆవాలు వేసి, పాట ఎత్తుకుంది.

గది తలుపు తెరుచుకుంది. "ఆశా, మీటింగ్‌లో ఉన్నాను."

"వినపడుతోందా?"

"అందరికీ వినపడుతోంది."

ఆశాజ్యోతి ఇంగువ వేసి, రెండో చరణం అందుకుంది.